యంత్రం ఎందుకు ఆగింది? సర్వో అలారం చెప్పేదీ, చెప్పనిదీ

ఒక చిన్న పని చేసి చూడండి. బల్ల మీద ఒక గ్లాసు పెట్టుకోండి. స్టీలు గ్లాసైతే మంచిది, గాజుది వద్దు. దానిని ఒక్కసారి చూసి, కళ్ళు గట్టిగా మూసుకుని, చెయ్యి చాపి అందుకోండి. ప్రతిసారీ గ్లాసును అటూ ఇటూ జరుపుతూ పదిసార్లు చేయండి. కొన్నిసార్లు చెయ్యి గ్లాసు పక్క నుంచి పోతుంది. కొన్నిసార్లు గ్లాసునే తోసేస్తుంది. ఇప్పుడు కళ్ళు తెరిచి అదే పని చేయండి. పదికి పదిసార్లూ గ్లాసు చేతికి దొరుకుతుంది.

తేడా ఎక్కడ వచ్చింది? చేతిలో బలం అదే. దూరమూ అదే. కాని కళ్ళు తెరిచి ఉన్నప్పుడు, చెయ్యి కదులుతున్నంతసేపూ కన్ను దానిని కనిపెడుతూనే ఉంటుంది. "ఇంకా జానెడు ఉంది... ఇంకా బెత్తెడు... ఇంకా అంగుళం... చాలు!" చెయ్యి ఎక్కడ ఉండాలి, ఇప్పుడు ఎక్కడ ఉంది అనే రెండు సంగతుల మధ్య తేడాను మెదడు క్షణక్షణం లెక్క కడుతుంది. ఆ తేడా సున్న అయ్యేదాకా కండరాలను నడిపిస్తుంది.

ఈ విద్యనే యంత్రానికి నేర్పితే దానిని సర్వో అంటారు. అలాంటి యంత్రం ఒకటి నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోయి, తెర మీద ఎర్రటి అక్షరాలతో "అలారం" అని చూపిస్తే ఏం చేయాలో ఈ నెల తెలుసుకుందాం. "మేమేమన్నా మెకానిక్కులమా?" అంటారేమో! కారణం తెలియని ఏ చిక్కునైనా విడదీసే పద్ధతి ఇందులో ఉంది. అది అందరికీ పనికివస్తుంది.

సేవకుడు అనే పేరు

లాటిన్ భాషలో "సెర్వస్" అంటే దాసుడు, సేవకుడు. పెద్ద ఓడ చుక్కానిని మనిషి చేతులతో తిప్పడం చాలా కష్టం. ఫ్రెంచి ఇంజనీరు జోసెఫ్ ఫార్కో దానికొక యంత్రం కనిపెట్టాడు. మనిషి చిన్న చక్రాన్ని ఎంత తిప్పితే, ఆవిరి బలం చుక్కానిని సరిగ్గా అంతే తిప్పి ఆగిపోతుంది. 1873లో ప్రచురించిన పుస్తకంలో ఆయన దీనికి "సర్వో మోటారు" అని పేరు పెట్టాడు. యజమాని వేలు చూపిస్తాడు, సేవకుడు బరువు మోస్తాడు అన్నమాట.

ఈ సేవకుడు అంకెల ప్రకారం లోహాన్ని కోసే యంత్రాన్ని నడిపి చూపింది 1952లో. హెలికాప్టరు రెక్కల ఆకారాన్ని అంకెలలో లెక్క కట్టి, ఆ అంకెల ప్రకారమే లోహాన్ని కోయాలని జాన్ పార్సన్స్ అనే అమెరికన్ తలపెట్టాడు. ఆ ఆలోచన చివరికి మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలోని సర్వోమెకానిజమ్స్ లేబొరేటరీకి చేరింది. చిల్లులు పొడిచిన కాగితపు పట్టీని చదువుకుంటూ మూడు అక్షాల మీద కదిలే మిల్లింగ్ మిషనును వారు 1952లో ప్రదర్శించి చూపారు. ఆ తరువాత కాగితపు పట్టీ స్థానంలోకి కంప్యూటరు వచ్చింది. అప్పటినుంచి వీటిని కంప్యూటర్ న్యూమరికల్ కంట్రోల్ యంత్రాలు, పొట్టిగా సి.ఎన్.సి. మిషన్లు అంటున్నారు. మోటారు సైకిలు ఇంజను భాగాల నుంచి పంపుసెట్టు భాగాల దాకా ఎన్నో వస్తువులు ఇవాళ వీటిమీదే తయారవుతున్నాయి.

ఒక అక్షం లోపల

లెక్కల క్లాసులో గ్రాఫు కాగితం మీద ఎక్స్, వై అక్షాలు గీస్తారు కదా! సి.ఎన్.సి. మిల్లింగ్ మిషనులో అవే అక్షాలు ఇనుముతో చేసి ఉంటాయి. బల్ల కుడికీ ఎడమకూ కదిలే దారి ఎక్స్. ముందుకూ వెనక్కూ కదిలే దారి వై. గిర్రున తిరిగే కత్తి ఉన్న తల పైకీ కిందికీ కదిలే దారి జెడ్. ఒక్కొక్క దారికీ ఒక్కొక్క సర్వో మోటారు ఉంటుంది.

మోటారు గుండ్రంగా తిరుగుతుంది. బల్ల తిన్నగా పోవాలి. ఆ మార్పు చేసేది బాల్ స్క్రూ అనే పొడుగాటి మరకడ్డీ. సైకిలు హబ్బులో ఉన్నట్టే దీని నట్టులో ఉక్కు గుండ్లు దొర్లుతుంటాయి. అందువల్ల ఒరిపిడి బాగా తక్కువ. స్క్రూ ఒక చుట్టు తిరిగితే బల్ల 10 మిల్లీమీటర్లు జరుగుతుందని అనుకుందాం.

మోటారు తోక దగ్గర ఎన్‌కోడర్ అనే చిన్న డబ్బా ఉంటుంది. ఇదే యంత్రానికి కన్ను. దాని లోపల సన్నని గీతలున్న బిళ్ళ ఒకటి మోటారుతోపాటు తిరుగుతుంది. ఒక పక్క దీపం, మరోపక్క వెలుతురును పసిగట్టే సాధనాలు ఉంటాయి. గీత అడ్డు వచ్చినప్పుడల్లా వెలుతురు ఆగుతుంది, గీత దాటగానే మళ్ళీ పడుతుంది. బిళ్ళ మీద 2,500 గీతలున్నాయనుకోండి. ఒక్కొక్క గీతకు నాలుగు గుర్తులు పుట్టేలా అమర్చితే, చుట్టుకు 10,000 గుర్తులు వస్తాయి. 10 మిల్లీమీటర్లను 10,000తో భాగించండి. మిల్లీమీటరులో వెయ్యో వంతు! దీనినే మైక్రాన్ అంటారు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఇవాళ్టి ఎన్‌కోడర్లు ఒక చుట్టును పది లక్షల భాగాలుగా కూడా చేయగలవు.

ఇక మెదడు పని చేసేది కంట్రోలు. కంట్రోలు మాట విని, మోటారుకు ఎంత కరెంటు అవసరమో అంత కొలిచి పంపేది డ్రైవు. కంట్రోలు ఆజ్ఞ ఇస్తుంది, డ్రైవు కరెంటు పంపుతుంది, మోటారు తిరుగుతుంది, ఎన్‌కోడర్ ఎంత తిరిగిందో తిరిగి చెబుతుంది. ఈ చక్రం సెకనుకు వెయ్యిసార్లు, కొన్ని యంత్రాలలో ఇంకా ఎక్కువసార్లు, తిరుగుతూనే ఉంటుంది.

తాడు కట్టిన దూడ

ఇప్పుడొక తమాషా సంగతి. యజమాని ఆజ్ఞ ఇచ్చిన క్షణానికే సేవకుడు అక్కడికి చేరలేడు. కొంచెం వెనుకబడతాడు. దూడను తాడు పట్టుకుని నడిపించడం మీరు చూసే ఉంటారు. మనిషి ముందు నడుస్తాడు, దూడ కాస్త వెనుకగా వస్తుంది. మనిషి ఆగితే దూడ వచ్చి పక్కన చేరుతుంది. సర్వో అక్షం కూడా అంతే. ఉండవలసిన చోటుకూ, ఉన్న చోటుకూ మధ్య దూరాన్ని మనం వెనుకబాటు అందాం.

ఈ వెనుకబాటును లెక్క కట్టవచ్చు. బల్ల వేగాన్ని, యంత్రానికి నిర్ణయించిన "గెయిన్" అనే అంకెతో భాగిస్తే చాలు. గెయిన్ సెకనుకు 30 అనుకుందాం. బల్ల నిమిషానికి 6,000 మిల్లీమీటర్లు పోతోంది. అంటే సెకనుకు 100 మిల్లీమీటర్లు. 100ని 30తో భాగిస్తే 3.33. అంటే బల్ల ఉండవలసిన చోటుకు దాదాపు మూడుంపావు మిల్లీమీటర్లు వెనుక ఉందన్నమాట!

"మైక్రాన్లు కొలిచే యంత్రం మూడు మిల్లీమీటర్లు తప్పిపోతే ఎలా?" అని మీకు అనుమానం రావాలి. రాకపోతే మళ్ళీ చదవండి. జవాబు ఇది. ఎక్స్, వై రెండింటికీ గెయిన్ ఒకటే పెడతారు. కాబట్టి రెండూ ఒకే కాలం, అంటే సెకనులో 30వ వంతు, వెనుకబడతాయి. ఇద్దరు సేవకులూ సమంగా ఆలస్యం చేస్తే తిన్నని గీత తిన్నగానే వస్తుంది. ఆజ్ఞ ఆగిపోగానే బల్ల మిగిలిన దూరమూ పూర్తి చేసి సరైన చోట నిలుస్తుంది. వంపు తిరిగే చోట మాత్రం కొద్దిపాటి తేడా వస్తుంది. దానిని తగ్గించడానికి ఇప్పటి కంట్రోళ్ళు రాబోయే కదలికను ముందే లెక్క కట్టి మోటారును తొందరపెడతాయి.

కాబట్టి వెనుకబాటు ఉండడం తప్పు కాదు. ఉండవలసినంత ఉంటే అది ఆరోగ్యం. హద్దు మించితేనే జబ్బు.

తాడు బిగిసింది. తరువాత?

మన యంత్రం అత్యధిక వేగం నిమిషానికి 12,000 మిల్లీమీటర్లు అనుకుందాం. పైన చెప్పిన లెక్క ప్రకారం అప్పుడు వెనుకబాటు 6.67 మిల్లీమీటర్లు. తయారుచేసినవారు దానికి ఒకటిన్నర రెట్లు తీసుకుని 10 మిల్లీమీటర్లు హద్దుగా పెడతారు. కదిలేటప్పుడు వెనుకబాటు ఈ హద్దు దాటిందా, కంట్రోలు వెంటనే మోటార్లకు శక్తి ఆపేస్తుంది, అలారం చూపిస్తుంది. బల్ల నిలబడి ఉన్నప్పుడు హద్దు ఇంకా చిన్నది, అర మిల్లీమీటరు ఉండవచ్చు. నిలబడమన్న చోటు నుంచి ఎవరైనా నెట్టినట్టు అది జరిగిపోయినా అలారమే.

జపానుకు చెందిన ఫానుక్ కంట్రోళ్ళలో నిలబడి ఉండగా హద్దు దాటితే 410, కదులుతుండగా దాటితే 411 అనే అంకెలు కనిపిస్తాయి. సీమెన్స్ 840డి కంట్రోలులో 25040, 25050 ఇంచుమించు ఇవే మాటలు చెబుతాయి. అంకెలు వేరు, అర్థం ఒకటే.

ఇవి కాక వేరే అలారాలు కూడా ఉన్నాయి. మోటారు ఎక్కువసేపు ఎక్కువ కరెంటు తాగి వేడెక్కితే "అలసిపోయాను" అనే అలారం. ఎన్‌కోడర్ నుంచి కబురు రాకపోతే "కన్ను కనిపించడం లేదు" అనే అలారం. డ్రైవుకు వచ్చే వోల్టేజి పడిపోతే "తిండి చాలడం లేదు" అనే అలారం. మనం ఈ వ్యాసంలో "వెనుకబడ్డాను" అనే అలారం ఒక్కదానినే పట్టుకుందాం.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. మళ్ళీ దూడ దగ్గరికి రండి. మీరు ముందు నడుస్తున్నారు. ఉన్నట్టుండి తాడు బిగిసింది. దూడ రావడం లేదని మీకు తెలిసింది. కాని ఎందుకు రావడం లేదు? కాలిలో ముల్లు గుచ్చుకుందేమో. రెండు రాళ్ళ మధ్య కాలు ఇరుక్కుందేమో. తాడే పొదకు తట్టుకుందేమో. పాపం, దానికి నీరసంగా ఉందేమో. లేదా మీరే మరీ వేగంగా పరుగెడుతున్నారేమో! బిగిసిన తాడు "దూడ వెనుకబడింది" అని మాత్రమే చెబుతుంది. కారణం చెప్పదు.

సర్వో అలారం కూడా బిగిసిన తాడే. "ఎక్స్ అక్షం అలారం" అని తెర మీద చూసి, "అయితే ఎక్స్ మోటారు పాడైంది" అనుకోవడం చాలామంది చేసే తప్పు. జ్వరమే జబ్బు కానట్టు, అలారమే లోపం కాదు.

అనుమానితుల జాబితా

వెనుకబాటు హద్దు దాటడానికి కారణాలను నాలుగు గుంపులుగా చేసుకోవచ్చు.

మొదటిది, బల్లకు అడ్డం. లోహపు పొట్టు రేకు తొడుగుల కింద చేరి ఇరుక్కోవచ్చు. బల్ల జారే దారులకు నూనె అందకపోవచ్చు. స్క్రూ బేరింగు పట్టేయవచ్చు. కత్తి పోయి వైసుకు గుద్దుకోవచ్చు.

రెండవది, కండరానికి బలం అందకపోవడం. మోటారుకు పోయే మూడు తీగలలో ఒకటి తెగవచ్చు. కోత చల్లబరచడానికి పోసే కూలెంటు నీళ్ళు కనెక్టరులోకి దిగవచ్చు. డ్రైవు చెడిపోవచ్చు.

మూడవది, కన్ను తప్పు చెప్పడం. ఎన్‌కోడర్‌లోకి కూలెంటు ఊరవచ్చు. దాని కేబులు దెబ్బతినవచ్చు.

నాలుగవది, ఆజ్ఞే తప్పు. యంత్రం అందుకోలేనంత తొందరగా వేగం పెంచమని ఎవరో అంకెలు మార్చి ఉండవచ్చు.

జెడ్ అక్షానికి మరొక ప్రత్యేకత ఉంది. కరెంటు పోయినప్పుడు తల కింద పడిపోకుండా దాని మోటారుకు బ్రేకు ఉంటుంది. స్ప్రింగు బలంతో బ్రేకు పట్టుకుంటుంది, కరెంటు ఇస్తే వదులుతుంది. అది వదలకపోతే మోటారు బ్రేకుతోనే కుస్తీ పడుతుంది, అలారం వస్తుంది. బ్రేకు అరిగిపోతే అంతకన్నా ప్రమాదం. అందుకే జెడ్ మోటారును ముట్టుకునే ముందు తల కింద గట్టి దుంగ ఆనించి తీరాలి. వందల కిలోల బరువు మాట వినదు.

ఇంతమంది అనుమానితులలో దొంగను పట్టడం ఎలా? ఒక్కొక్క భాగాన్నీ కొని మార్చుకుంటూ పోవడమా? అది చాలా ఖరీదైన చదువు. ఒక ఉదాహరణ చూద్దాం.

మీరే మెకానిక్కు

హైదరాబాదు బాలానగర్ పారిశ్రామికవాడలో ఇలాంటి మిషన్లు పెట్టుకున్న చిన్న వర్క్‌షాపులు చాలా ఉన్నాయి. అలాంటి ఒకచోట మిల్లింగ్ మిషను ఆగిపోయిందని, మిమ్మల్ని పిలిచారని ఊహించుకోండి. ఎక్స్ అక్షం, కదిలేటప్పటి అలారం. మీకన్నా ముందు వచ్చిన ఒకాయన ఎక్స్ డ్రైవునూ వై డ్రైవునూ ఒకదాని చోట ఒకటి మార్చి చూశాడు. అలారం ఎక్స్‌లోనే వచ్చింది. తరువాత కొత్త మోటారు తెప్పించి వేశాడు. అయినా అలారం పోలేదు. యజమాని తల పట్టుకుని కూర్చున్నాడు. వారం లోపల ఇవ్వవలసిన పని సగంలో ఉంది.

మీరు ముందు పానా తీయరు. ముందు అడుగుతారు.

"అలారం ఎప్పుడెప్పుడు వస్తోందన్నా?"

"ఎప్పుడంటే అప్పుడే. ఒకసారి పది నిమిషాలకు, ఒకసారి గంటకు."

"పొద్దున చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకనా?"

"ఎప్పుడైనా ఒకటే."

"బల్ల ఎక్కడున్నప్పుడు వస్తోంది?"

ఆపరేటరు కాసేపు ఆలోచిస్తాడు. "అది చూడలేదు తమ్ముడూ."

మీరు కాగితం తీసి, అలారం వచ్చినప్పుడల్లా తెర మీద ఎక్స్ అంకె ఎంతుందో రాయమంటారు. నాలుగుసార్లు వచ్చింది. 618, 625, 621, 630. బల్ల కదిలే మొత్తం దూరం 800 మిల్లీమీటర్లు. కాని అలారం మాత్రం ఎప్పుడూ 620 దగ్గరిలోనే!

ఇప్పుడు ఆగి ఆలోచించండి. ఈ నాలుగు అంకెలు ఎంతమందిని విడిచిపెట్టాయి? డ్రైవు ఎలక్ట్రికల్ పెట్టెలో కూర్చుని ఉంటుంది. బల్ల ఎక్కడుందో దానికి లెక్కలేదు. పైగా డ్రైవులు మార్చినా అలారం ఎక్స్‌ను వదలలేదు. కాబట్టి డ్రైవు నిర్దోషి. మోటారుకూ బల్ల చోటుతో పనిలేదు. దానిని మార్చకముందే ఈ అంకెలు రాసుకుని ఉంటే మోటారు ఖర్చు మిగిలేది. బల్ల చోటును బట్టి మారేవి రెండే. ఒకటి, స్క్రూ, దారులు. 620 దగ్గర అవి బిగుసుకుని ఉండవచ్చు. రెండు, మోటారు కేబుళ్ళు. ఈ మిషనులో ఎక్స్ మోటారు బల్లతోపాటే కదులుతుంది, దాని కేబుళ్ళు ఒక ప్లాస్టిక్ గొలుసులో పడి మడత పడుతూ, విచ్చుకుంటూ ఉంటాయి. 620 దగ్గర ఒక చోట మడత పడుతుంది.

ఇద్దరు అనుమానితులు మిగిలారు. ఇద్దరినీ వేరుచేసే ఒక్క పరీక్ష కావాలి. ఆలోచించండి.

బల్లను చేత్తో కదిలించడమే ఆ పరీక్ష. మెయిన్ స్విచ్చి ఆపి, తాళం వేసి, తాళం చెవి జేబులో వేసుకుంటారు. మీరు లోపల ఉండగా మరెవరూ స్విచ్చి వేయకూడదు కదా! డ్రైవు లోపలి కెపాసిటర్లలో స్విచ్చి ఆపాక కూడా కొన్ని నిమిషాలు ప్రాణం తీసేంత విద్యుత్తు నిలిచి ఉంటుంది. దాని మీద రాసి ఉన్నంతసేపు ఆగి, మీటరుతో కొలిచి చూసుకుంటారు. అప్పుడు స్క్రూను చేత్తో మెల్లగా తిప్పుతూ బల్లను ఈ చివర నుంచి ఆ చివరకు తీసుకుపోతారు. 620 దగ్గర బిగువు తగిలితే దొంగ స్క్రూ. తగలలేదనుకోండి. మొత్తం 800 మిల్లీమీటర్లూ ఒకే మెత్తదనంతో తిరిగింది. అయితే?

మోటారు కేబులును రెండు చివరలా విప్పుతారు. ఒక్కొక్క తీగకు ఓమ్‌మీటరు పెట్టి, గొలుసును 620 దగ్గర మెల్లగా వంచుతారు. మొదటి తీగ, ముల్లు కదలదు. రెండవ తీగ, కదలదు. మూడవ తీగ, వంచినప్పుడల్లా ముల్లు పిచ్చిగా ఊగుతుంది. దొరికింది!

పైన రబ్బరు తొడుగు చెక్కుచెదరలేదు. లోపల రాగి పోగులు తెగిపోయాయి. సన్నని తీగను ఒకేచోట ఇటూ అటూ పదేపదే వంచితే తెగిపోవడం మీరు చూశారు కదా! దీనినే లోహపు అలసట అంటారు. గొలుసు రోజుకు వేలసార్లు అదే చోట వంగుతుంది. బల్ల 620కి వచ్చినప్పుడు తెగిన చివరలు ఒక్కోసారి విడిపోతాయి. మూడు తీగల మోటారుకు ఒక తీగ అందకపోతే బలం పడిపోతుంది, బల్ల వెనుకబడుతుంది, వెనుకబాటు హద్దు దాటుతుంది. అలారం అబద్ధం చెప్పలేదు. మనమే దానిని తప్పుగా చదివాం.

తెగిన చోట అతుకు వేస్తే మళ్ళీ అక్కడే తెగుతుంది. గొలుసులో వంగడానికని తయారయ్యే మెత్తని కేబులే వేయాలి. దాని ఖర్చు మోటారు ఖర్చులో కొద్దిపాటి భాగం.

పని అయిపోయిందా? ఇంకా లేదు. బాగైందని ఎలా తెలుసు? తలుపులు మూసి, బల్లను నిమిషానికి 600 మిల్లీమీటర్ల వేగంతో నడిపి, తెర మీద వెనుకబాటు చూస్తారు. లెక్క ప్రకారం 0.33 మిల్లీమీటరు ఉండాలి. తరువాత 6,000 వేగంతో. 3.33 ఉండాలి. ఈ చివర నుంచి ఆ చివరదాకా, 620 దగ్గర కూడా, ఆ అంకెలే నిలకడగా కనిపిస్తే అప్పుడు పానా కడిగి పెట్టవచ్చు. ముందుగా లెక్క కట్టిన అంకె యంత్రం నోటివెంట వినడంలో ఒక ఆనందం ఉంది. అది మీకూ ఎప్పుడో అనుభవంలోకి రావాలి.

మార్చి చూసే పరీక్ష

ముందు వచ్చినాయన డ్రైవులు మార్చి చూడడం తప్పు కాదు. అది మంచి పద్ధతే. ఒకే రకం భాగాలు రెండున్నప్పుడు వాటిని తారుమారు చేస్తారు. అలారం భాగం వెంట పోతే తప్పు ఆ భాగానిది. పోకుండా అక్కడే ఉంటే తప్పు మిగిలిన వాటిది. కాని ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు మార్చి బాగైతే, ఏది మార్చినందుకు బాగైందో ఎప్పటికీ తెలియదు.

మరొక జాగ్రత్త. మోటారు చుట్టలలో షార్టు ఉంటే, దానికి తగిలించిన మంచి డ్రైవు కూడా కాలిపోవచ్చు. అందుకే ముందుగా మోటారును డ్రైవు నుంచి విడదీసి, మెగ్గరుతో ఇన్సులేషన్ కొలుస్తారు. మెగ్గరు ఎక్కువ వోల్టేజితో పనిచేస్తుంది కాబట్టి విడదీయకుండా కొలిస్తే అదే డ్రైవును కాల్చేయవచ్చు.

హద్దు పెంచేస్తే పోలా?

ఇంత కష్టం ఎందుకు, 10 మిల్లీమీటర్ల హద్దును 30 చేసేస్తే అలారం రాదు కదా అని మీలో ఒకరికైనా తోచి ఉంటుంది. వర్క్‌షాపులలో కూడా ఈ ఆలోచన వస్తుంది. పని ఆలస్యమవుతున్న కొద్దీ మరీ వస్తుంది. అది ఎందుకు కూడదో లెక్క కట్టి చూద్దాం.

కత్తి పోయి వైసుకు ఆనుకుని బల్ల కదలకుండా ఇరుక్కుందనుకోండి. ఆజ్ఞ మాత్రం సెకనుకు 10 మిల్లీమీటర్ల చొప్పున ముందుకు పోతూనే ఉంది. అంటే వెనుకబాటు సెకనుకు 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. హద్దు 10 అయితే దాదాపు ఒక సెకనులో శక్తి ఆగిపోతుంది. హద్దు 30 అయితే దాదాపు మూడు సెకన్లు. అంతసేపూ మోటారు తన బలమంతా పెట్టి తోస్తూనే ఉంటుంది. మొదటి సెకనులో కత్తి విరగవచ్చు. మూడవ సెకనుకు స్పిండిల్ బేరింగులు పోవచ్చు. అక్కడ ఇరుక్కున్నది వైసు కాక, వస్తువును సర్దుతున్న మనిషి చెయ్యి అయితే?

మన కేబులు సంగతి ఇంకా విచిత్రం. తీగ విడిపోయి బల్ల 25 మిల్లీమీటర్లు వెనుకబడిందనుకోండి. అలారం రాలేదు, ఎందుకంటే హద్దు పెంచేశాం. అంతలో తీగ మళ్ళీ అంటుకుంది. కంట్రోలు ఏం చేస్తుంది? వెనుకబాటు పెద్దది కాబట్టి పెద్ద వేగం అడుగుతుంది. 25ను 30తో గుణించండి. సెకనుకు 750 మిల్లీమీటర్లు! మోటారు అంత వేగం అందుకోలేకపోయినా, తనకు చేతనైనంత జోరుగా బల్లను ముందుకు విసురుతుంది. నిదానంగా పోతున్న బల్ల ఒక్కసారిగా దూకుతుంది. వస్తువు పాడవుతుంది, పక్కన ఉన్న మనిషికి ఏమవుతుందో చెప్పలేం.

అలారం యంత్రం చేసే గొడవ కాదు. "నేను ఉండవలసిన చోట లేను, నన్ను నమ్మకండి" అని అది నిజాయితీగా ఒప్పుకోవడం. ఆ నోరు నొక్కితే లోపం పోదు. లోపం దాక్కుంటుంది, అంతే.

మీరూ చేసి చూడండి

సర్వో మోటారు మీ దగ్గర లేకపోయినా, వెనుకబాటును కళ్ళతో చూడవచ్చు. ఒక బరువైన పుస్తకానికి దారం చుట్టి, దానికి రబ్బరు బ్యాండు కట్టండి. బ్యాండు పక్కనే స్కేలు పెట్టి బల్ల మీద మెల్లగా, ఒకే వేగంతో లాగండి. మీ వేలు ఆజ్ఞ, పుస్తకం బల్ల, రబ్బరు సాగిన పొడవు వెనుకబాటు. సర్వోలో వెనుకబాటు వేగాన్నిబట్టి పెరుగుతుంది, ఇక్కడ మాత్రం ముఖ్యంగా ఒరిపిడినిబట్టి పెరుగుతుంది. ఆ తేడా గుర్తుంచుకోండి.

మామూలుగా ఎంత సాగుతుందో రాసుకోండి. దానికి ఒకటిన్నర రెట్లు హద్దుగా పెట్టుకోండి. ఇప్పుడు మీరు చూడకుండా మీ చెల్లెలినో తమ్ముడినో ఏదో ఒక తుంటరి పని చేయమనండి. పుస్తకం మీద మరో పుస్తకం పెట్టవచ్చు, దారిలో తడి గుడ్డ పరచవచ్చు, సన్నని దారంతో పుస్తకాన్ని వెనక్కు కట్టవచ్చు. కళ్ళకు గంతలు కట్టుకుని లాగండి. హద్దు దాటిందని స్నేహితుడొకరు చెప్పగానే ఆగండి.

ఇప్పుడు మీకు తెలిసింది ఒక్కటే, పుస్తకం వెనుకబడింది. గంతలు విప్పకుండా, ప్రశ్నలు వేసి, మళ్ళీ మళ్ళీ లాగి చూసి కారణం కనుక్కోగలరా? ప్రతిసారీ ఒకే చోట ఆగుతోందా? మొదటి నుంచీ బరువుగా ఉందా? ఆగిన చోట నుంచి వెనక్కు నెడితే తేలికగా పోతోందా? తక్కువ ప్రశ్నలతో ఎవరు కనుక్కుంటే వారే గెలిచినట్టు.